తోడికోడలికి దక్కని ప్లిట్విత్సే

మా తోడికోడలి మీద కక్ష తీర్చుకున్నాను. తప్పు చేశావని ఎవరైనా అంటే వినే ఓపిక నాకు లేదు.

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా ఇల్లూ వాళ్ల ఇల్లూ దగ్గరదగ్గరే. క్రొయేషియాలో ప్లిట్విత్సే అని, ఒక సరస్సులోంచి ఇంకో సరస్సులోకి నీళ్లు దూకే పార్కు ఉందని ముందు చెప్పింది నేను. రెండు కుటుంబాలం కలిసి వెళ్దామని చలికాలమంతా కూర్చుని ప్లాన్ వేశాను. మొదట స్లొవేనియాలో బ్లెడ్ సరస్సు, తర్వాత మాంటెనెగ్రోలో దుర్మితోర్ కొండలు, తిరుగుదారిలో ప్లిట్విత్సే. ఆవిడగారు “సూపర్ అక్కా!” అంటూ అంతా విని, మమ్మల్ని వదిలేసి తమ పక్కింటివాళ్లతో అదే ప్లాన్‌కి టికెట్లు బుక్ చేసుకుంది. ఆ సంగతి మాకు తలా ఓ వంట తెచ్చుకునే పాట్‌లక్ విందులో ఎవరో చెబితే తెలిసింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

బయల్దేరే ముందు సిగ్గులేకుండా నాకే ఫోన్ చేసింది.

“అక్కా, మాంటెనెగ్రోకి వీసా అక్కర్లేదు కదా? మన గ్రీన్‌కార్డ్ చాలంటగా?”

“చాలు. మిగతావాటికి యూరప్ వీసా ఏం తీసుకున్నారు?”

“సింగిల్ ఎంట్రీ. వెళ్లేది ఒక్కసారేగా!”

మాంటెనెగ్రో ఆ వీసా కిందికి రాదు, అక్కడ అడుగుపెడితే యూరప్ దాటి వెళ్లినట్టు లెక్క, వీసా అయిపోయినట్టే. మళ్లీ క్రొయేషియాలోకి రానివ్వరు. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. “హ్యాపీ జర్నీ” అని పెట్టేసి, వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

అనుకున్నట్టే అయింది. దుర్మితోర్‌లో నల్ల సరస్సు ముందు ఫొటోలు పెట్టింది. మర్నాడు బోర్డర్ దగ్గర వెనక్కి పంపేశారు. ప్లిట్విత్సే గోవిందా! పక్కింటివాళ్లు వీసా అక్కర్లేని అమెరికా సిటిజన్లు కాబట్టి హాయిగా చూసొచ్చారు. వీళ్లు కొత్త టికెట్లు కొనుక్కుని ఇస్తాంబుల్ మీదుగా ఇంటికొచ్చి పడ్డారు.

“నీకు ముందే తెలుసా అక్కా?” అని మా మరిది ఎదుటే నిలదీసింది.

“తెలుసు. మమ్మల్ని వదిలేసి వెళ్తున్నావని నీకూ ముందే తెలుసుగా!”

ఈ వేసవిలో మేం వెళ్లాం. చెక్కబాట కింద నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే, అడుగున చేపలు కనబడుతున్నాయి. పెద్ద జలపాతం ఎదురుగా ఆగి ఆమెకు వీడియో కాల్ చేశాను. టెక్సస్‌లో ఇంకా తెల్లారలేదు. కావాలనే చేశాను.

“ఇదిగో ప్లిట్విత్సే! కళ్లారా చూడవే!”

కట్ చేస్తుందనుకున్నాను, లేదా ఏడుస్తుందనుకున్నాను. దిండు మీదనుంచి లేచి కూర్చుని, ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

“ఫోన్ కొంచెం పైకి తిప్పు అక్కా,” అంది. “ఎక్కణ్ణుంచి దూకుతోందో కనబడట్లేదు.”

నాకు ఒళ్లు మండిపోయింది. అయినా తిప్పాను.