ఆంటీ హ్యాండ్‌బ్యాగు

కెనడాలో, హామిల్టన్ వెళ్లే బస్సులో కూర్చుని సార్జెంట్ ప్రమోషన్ ఇంటర్వ్యూకి చదువుకుంటున్నాను. పక్క సీట్లో హ్యాండ్‌బ్యాగుని గుండెకు హత్తుకుని కూర్చున్న తెలుగావిడ చదువుకోనిస్తేగా.

“ఏం జాబ్ చేస్తున్నావమ్మా?”

“పోలీసు, ఆంటీ.”

“అయ్యో. ఐటీలో ట్రై చేయలేదా?”

చేశాననీ, నచ్చక మానేశాననీ చెప్పాను. అయినా వదల్లేదు. ఆడపిల్లకి తుపాకీ ఎందుకంది, పెళ్లికి ఎవరు ఒప్పుకుంటారంది. ఇంట్లో అమ్మ పోరు తప్పించుకుని బస్సెక్కితే ఇక్కడ ఇంకో అమ్మ.

చివరికి ఆవలించి, అంతసేపూ వదలని ఆ బ్యాగు తీసి నా ఒళ్లో పెట్టింది.

“పాస్‌పోర్టు, బంగారం అన్నీ ఇందులోనే ఉన్నాయి. నువ్వు పోలీసువేగా, కాస్త చూస్తుండు. హామిల్టన్‌లో లేపు,” అని నిద్రపోయింది.

ముందుగా నేను దిగాల్సిన బర్లింగ్టన్ వచ్చింది. లేపుదామని చెయ్యి చాపాను గానీ మనసొప్పలేదు. నన్ను నేనే తిట్టుకుంటూ హామిల్టన్ దాకా వెళ్లాను.

దిగేముందు ఆవిడ జిప్పు తీసి అన్నీ ఉన్నాయో లేదో చూసుకుంది.

“మంచిదానివే. ఐటీ అయితే ఇంకా బావుండేది,” అంది.

మర్నాడు ఇంటర్వ్యూలో, జనం మిమ్మల్ని ఎందుకు నమ్మాలని అడిగారు. బట్టీ పట్టిన జవాబు నోటిదాకా వచ్చింది. దాన్ని వదిలేసి ఆ హ్యాండ్‌బ్యాగు గురించి చెప్పాను.