బస్తా మీద నుంచి లేచిన అవ్వ

గోదావరిఖనిలో నన్ను బేరంలో ఓడించినవాడు లేడు. పట్నం పెద్ద దవాఖానలో డాక్టరును కూడా గెలిచి వచ్చాను. అంత తెలివితక్కువ గెలుపు మా ఇంట్లో మరెవరికీ దక్కలేదు.

డెబ్బైల నాటి మాట. బొగ్గుబాయి క్వార్టర్ల ముందు మా అవ్వకు కిరాణా కొట్టుండేది. నన్ను కన్నదీ, తూకం నేర్పిందీ ఆమే. ఆమెకు కడుపులో క్యాన్సరు, కోతకు అందనంత ముదిరింది. నొప్పి వీపులోకి పొడుచుకొస్తుంటే బియ్యం బస్తాకు కడుపు ఆనించి, ముందుకు వంగి కూర్చునేది. అలా వంగే పప్పు తూచేది.

డాక్టరు వివరంగా చెప్పాడు. "వెన్ను పక్కల నుంచి రెండు సూదులు పంపి, కడుపు నొప్పిని మోసే నరాల దగ్గర మందు వేస్తాం. నొప్పి తగ్గుతుంది."

"మరి రోగం?"

"అది తగ్గదు."

"అయితే సగం సరుకే గద సారూ! మాకొద్దు," అని అవ్వను మళ్లీ రైలెక్కించాను. రోగం కుదిర్చే మందే ఎక్కడో చవగ్గా దొరుకుతుందని నా లెక్క.

నెల తిరిగింది. దొరకలేదు. ఒకరోజు షిఫ్టు దిగి ఉప్పు కోసం వచ్చిన కార్మికుడు, "అవ్వా, మొఖం సూపియ్యవా? నీ కొప్పుతోనే మాట్లాడుడైతాంది," అన్నాడు. అందరం నవ్వాం. అవ్వ కూడా నవ్వుతూ తల ఎత్తబోయింది, ఎత్తలేకపోయింది. మర్నాడే పట్నం బయలుదేరాం.

డాక్టరు ఒక్క మాట దెప్పలేదు. అవ్వను ఎక్స్‌రే బల్ల మీద కడుపు కింద దిండు పెట్టి బోర్లా పడుకోబెట్టారు. నన్ను తలుపు దగ్గరే ఆపారు.

"ఏం మందు బిడ్డా అది?" అవ్వ గొంతు.

"ఆల్కహాలమ్మా. కాసేపు మండుతుంది."

"సారనా! మా ఆయన తాగొస్తే చీపురు తిరగేసినదాన్ని. నా నడుముకే తాపుతవా?"

మందు ఎక్కుతుంటే ఒక్క కేక పెట్టింది. నేను తలుపుకు చెవి ఆనించాను. అప్పుడు వినిపించింది, తాళంచెవి ఎక్కడో పెట్టి మరిచిపోయినట్టు: "ఏడబోయింది నొప్పి?"

ఆ రోజంతా లేస్తే అవ్వకు కళ్లు తిరిగాయి. రెండ్రోజులు విరేచనాలయ్యాయి. అవుతాయని డాక్టరు ముందే చెప్పాడు. "గిది కొసరా సారూ?" అని అవ్వ అడిగితే నర్సులు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఇంటికొచ్చి బస్తాను మూలకు తోయించి, పీట మీద నిటారుగా కూర్చుంది. ఉప్పు కోసం వచ్చిన ఆ కార్మికుణ్ణి పిలిపించింది.

"సూడురా మొఖం. మంచిగ సూడు. ఉట్టిగ సూసి పోతవా, చింతపండు తీస్కపో!"

నాలుగు నెలలు బతికింది. చివరి వారంలో నొప్పి కాస్త తిరిగొస్తే మాత్రలు సరిపోయాయి.

ఇక బిల్లు. రైలు ఖర్చు రెండుసార్లు, అందులో ఒకటి నా తెలివికి. రెండు సూదులు, మందు. వచ్చినవి: వెల్లకిలా నిద్ర, రెండు పూటలా పప్పన్నం, నాకు రోజూ తిట్లు. వీటన్నిటికీ నేనే డబ్బు కట్టాను. నా బేరం గెలుపుకు వెల ఆ నెల రోజుల నొప్పి; అది మాత్రం అవ్వే కట్టింది.