ఏమయ్యా, కట్టె యాడ పెట్టినవ్?

కాశిబుగ్గల మేం కిరాయికున్న ఇంటి ఓనరమ్మను నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. కింద ఒక్కతే ఉండేది. అయినా గేటు చప్పుడైతే చాలు, ఇంట్లకు తిరిగి గట్టిగ కేకేసేది: "ఏమయ్యా, కట్టె యాడ పెట్టినవ్?"

ఆ అయ్య పోయి చాలా ఏండ్లయింది. ఆయన చెప్పులు మాత్రం రోజూ తుడిచి గడప ముందు పెట్టేది. "దొంగలకు నా మొగడు ఇంకా బతికే ఉన్నడు బిడ్డా," అని నవ్వేది.

ఓ పగటిపూట మీటర్ చూస్తనని ఎవడో వచ్చిండు. పెద్దమ్మ ఎప్పటిలెక్కనే అరిచింది. వాడు బెదరలే. "ఇంట్ల ఎవ్వరు లేరని నాకు తెల్వదా?" అనుకుంట గేటు గడియ తీసిండు. పెద్దమ్మ మళ్ల పిలిచింది. ఈసారి తలుపు రెక్క పట్టుకున్నది.

నేను మిద్దె మీద బట్టలారేస్తున్న. "కట్టె నా దగ్గరనే ఉన్నది పెద్దమ్మా, తెస్తాన!" అని అరిచిన. ఎదురింటి ఖాలా కిటికీలకెళ్లి అందుకున్నది: "ఫికర్ చెయ్యకు అక్కా, మా ఇంట్ల గూడ ఒకటున్నది!"

వాడు బండెక్కి పోయిండు.

చెప్పులు గడప ముందటనే ఉన్నయి. కానీ ఆనాటి నుంచి గేటు చప్పుడైతే పెద్దమ్మ ఇంట్లకు తిరగలే. వాడకట్టు దిక్కు తిరిగి కేకేసేది:

"ఏమమ్మా, ఇయ్యాల కట్టె ఎవరి దగ్గరున్నది?"