గురునాథం మాస్టారి కంప్యూటర్‌లో మబ్బు

మా డ్రిల్లు మాస్టారు గురునాథం గారి కంప్యూటర్‌లో మబ్బు కమ్మితే, దర్శి పక్కనున్న మా ఊరు మొత్తం పరుగెత్తాలి. బయట ఎండ మాడ్చేస్తున్నా సరే. మాస్టారు ఆట ఆపి, డాబా ఎక్కి విజిల్ ఊదుతారు. కల్లాల్లో ఎండుతున్న మిరపకాయలు కుప్ప చేసి పట్టాలు కప్పేదాకా ఊదుతూనే ఉంటారు.

ఆయన రిటైరయిన మూడేళ్లకు మేనల్లుడు ఉదయ్ కుమార్ కొత్త కంప్యూటర్ కొనుక్కుని, పాతది ఈయనకు అంటగట్టి పోయాడు. అందులో ఒక తుపాకుల ఆట ఉండిపోయింది. ఎటు చూసినా పాడుబడ్డ ఊళ్లు, తుప్పు పట్టిన బస్సులు, పొగమంచు, ఎక్కడో మొరిగే కుక్కలు. ఎటైనా పోవచ్చు గానీ, రొట్టె, మందులు వెతుక్కుంటూ శత్రువు కంటపడకుండా బతకాలి. వంగి నడవమని ఆట పదేపదే చెబుతుంది. మాస్టారు వింటేగా. "ముప్పైనాలుగేళ్లు పిల్లల్ని నిటారుగా నిలబడమన్నవాణ్ణి, వీడెవడో చెబితే వంగుతానా?" అని తూటాలకు ఎదురెళ్లేవారు. రోజుకు ఇరవైసార్లు చచ్చిపోయేవారు. ఇరవై ఒకటోసారి కూడా వంగేవారు కాదు.

ఆ చావులతో మాకేం పేచీ లేదు. బాధల్లా ఆ ఆటలో పట్టే మబ్బుతోనే. ఆయన విజిల్ వింటే చాలు, ఆయన దగ్గర చదువుకున్న ప్రతివాడి కాళ్లూ వాటంతటవే లేస్తాయి, బుర్ర తర్వాత వస్తుంది. టీ గ్లాసులు వదిలేసి పరుగెత్తేవాళ్లం. మిరప వెయ్యని పత్తి రైతులకు కూడా పరుగు తప్పేది కాదు. పోనీ ఎవరి కల్లం వాళ్లు కప్పుకుని ఇంటికి పోదామా అంటే, ఒక్క కల్లం తెరిచి ఉన్నా రెండో విజిల్ పడేది.

తెరిచి ఉండేది సర్దార్‌బీ కల్లమే. ఒంటరి మనిషి, ఎకరం కౌలుకు చేస్తోంది. కాయ ఎండబెట్టే రోజుల్లోనే జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. సాయంత్రం కుప్ప చేసి కప్పకపోతే కాయ మంచుకు తడిసి, తెల్లబడి, ధర పలకని తాలుకాయైపోతుంది. ఏడాది కష్టం మట్టిపాలు. అయినా సాయానికి వెళ్లినవాళ్లను వెళ్లినట్టే తరిమేది. నేనూ వెళ్లి చీవాట్లు తిన్నాను.

"నాకు ఇంకో చెయ్యి ఉంది వీరబాబూ, నువ్వు పో" అంది.

విజిల్ పడి అందరం తన కల్లం మీదికి వెళ్లినప్పుడు మాత్రం ఆమె కూడా నోరెత్తలేకపోయేది. అన్ని కల్లాలకూ ఒకటే చట్టం కదా. పైగా ఎడంచేత్తో పట్టా కొస పట్టుకోమని డాబా మీంచి ఆమెకీ ఆజ్ఞ అయ్యేది.

ఈ విజిళ్లు మొదలైన పదిరోజులకు ఊరు తిరగబడింది. పెద్దమనిషి రోశయ్య గారు పదిమందిని వెంటేసుకుని వెళ్లి, ఆటన్నా మానండి, విజిలన్నా మానండి అని తెగేసి చెప్పారు.

"రెండూ మానను" అన్నారు మాస్టారు. "ఎక్కడ కమ్మినా మబ్బు మబ్బే. పోయి ఎవరికి చెప్పుకుంటారో చెప్పుకోండి."

ఆయన భార్య బాలత్రిపురసుందరి గారు అందరికీ మజ్జిగ ఇచ్చి, పెళ్లయిన నాటి నుంచీ తానూ చెప్పి చూస్తూనే ఉన్నానని ఓదార్చారు. మజ్జిగ తాగి వచ్చేశాం.

మర్నాడు నన్ను వేగుగా పంపారు. ఆట నేర్పమన్న వంకతో వెళ్లి పక్కన కూర్చున్నాను. సాయంత్రం ఐదవుతోంది. ఆటలో ఎండ ధగధగలాడుతోంది, మబ్బు తునక లేదు. మాస్టారు అసలు అటు చూడటమే లేదు, కిటికీలోంచి సర్దార్‌బీ కల్లం వైపు చూస్తున్నారు. ఆమె పట్టా ఒంటిచేత్తో లాగలేక కూలబడింది. మాస్టారు చటుక్కున లేచారు. ఆటలో ఎవడో వచ్చి ఆయన్ను కాల్చిపారేశాడు.

"ఏరా, మబ్బు పట్టింది, చూశావా?" అన్నారు.

"చూశాను సార్. బాగా దట్టంగా పట్టింది" అన్నాను.

ఆయన ఒక క్షణం నావైపు చూసి, విజిల్ అందుకుని మెట్లెక్కారు. ఆ మొండిమనిషి మీద నాకెంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. ఆ ఆట మధ్యలో మానేస్తే మనిషికి మతి పోతుందట అని రోశయ్య గారికి అబద్ధం చెప్పేశాను. ఆయన నమ్మేశారు కూడా.

వారం తర్వాత నేను అక్కడ ఉండగానే సర్దార్‌బీ మాస్టారి గుమ్మంలోకి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"సారూ, రేపు నాలుగున్నర బస్సుకి ఆసుపత్రికి పోవాలి. నేను లేకుండా నా కల్లం మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వను. మీ ఆటలో మబ్బు కాస్త నాలుగింటికే పట్టేట్టు చూడండి."

మాస్టారు ముఖం గంభీరంగా పెట్టి, మబ్బులు తన చేతిలో ఉంటాయా అన్నారు.

"ఉంటాయో లేదో నాకు తెలుసులెండి" అని వెళ్లిపోయింది.

మర్నాడు సరిగ్గా నాలుగింటికి విజిల్ మోగింది. మాస్టారి దగ్గర ఏనాడూ చదువుకోని రోశయ్య గారు, ఆయన్ను నోరారా తిట్టుకుంటూ, మా అందరికంటే ముందు పరుగెత్తారు.