థిమియోస్ కోసం కొన్న ఇసుక

పారకు చెక్క తగిలింది. శవాన్ని పాతి మూడేళ్లు నిండిన గోతిలో ఆ చప్పుడు మెత్తగా, నానిన రొట్టె విరిగినట్టు రావాలి. ఇది కొత్త తలుపు తట్టినట్టు వచ్చింది. తవ్వుతున్న మేనియోస్ పార ఆపి, గోతిలోకి చెవి ఒగ్గాడు. లోపలి నుంచి జవాబు కోసం చూస్తున్నవాడిలా ఉన్నాడు.

అప్పుడే సైప్రస్ చెట్ల వెనక నుంచి స్తమాతా వచ్చింది. ఒక చేతిలో వైన్ సీసా, ఇంకో చేతిలో భర్త ఎముకలు మూటగట్టడానికి తెల్ల దుప్పటి.

స్తమాతా అంటే 'ఆగు' అని; ఇక ఆడపిల్లలు చాలనుకున్న ఇళ్లలో పెట్టే పేరు. గ్రీసులో మా పెరామా రేవుకు మరమ్మతు కోసం వచ్చే ఓడల్లో గదులు కడిగి ఆమె బతుకుతుంది. మా శ్మశానంలో చోటు అద్దెది. గడువు తీరగానే ఎముకలు తీసి, వైన్‌తో కడిగి, పెట్టెలో పెట్టి ఎముకల గదిలో ఉంచాలి. డబ్బు కట్టలేని వాళ్లవి ఉమ్మడి గోతిలో పోస్తారు. అక్కడ ఎవరి వేలు ఎవరిదో దేవుడికి కూడా తెలియదు. థిమియోస్ అందులో కలవకూడదన్నదొక్కటే ఆమె పట్టుదల. ఏటా ఎండాకాలంలో, జీతంలో ఎక్కువ కోసుకున్న పన్నును ప్రభుత్వం తిరిగి ఇస్తుంది. ఆ ఏడు వచ్చినదాన్ని ఆమె పెట్టె కోసం దాచింది.

మూత తీశారు. థిమియోస్ మొహం పొగాకు ఆకులా నల్లబడింది, కానీ ఇంకా మొహంగానే ఉంది. కోటు గుండీలు ఎండకు మెరిశాయి.

"మట్టి ఒప్పుకోలేదు" అంది అతని అక్క ఎవాంథియా, తలగుడ్డ అంచుతో ముక్కు మూసుకుని. "ఎవరో శాపం పెట్టారు నా తమ్ముడికి."

"శాపం కాదక్కా, నైలాన్" అన్నాడు మేనియోస్. "ఈ సూటు ఎక్కడ కొన్నారు?"

"సగం ధరకు ఇస్తుంటేనూ" అంది స్తమాతా.

"చచ్చినవాడికి నార గుడ్డ కట్టాలమ్మా. నైలాన్ మనందరినీ పాతిపెట్టి గానీ పోదు."

అదే చోట ఇంకోసారి పూడిస్తే అద్దె రెట్టింపు, పైగా బంకమట్టి. గోడవతల ఇసుక నేల ఉంది, చవక, అక్కడ రెండేళ్లలో కరుగుతాడని మేనియోస్ చెప్పాడు. ఎవాంథియా మాత్రం ఆ డబ్బంతా ఫాదర్‌కిచ్చి ప్రార్థనలు చేయించమంది. స్తమాతా ఇసుకా నార గుడ్డా కొంది.

"శాపం పెట్టినవాళ్లు వచ్చి క్షమించకపోతే ఇసుకేం చేస్తుందే?" అంది ఆడపడుచు. స్తమాతా తెచ్చిన దుప్పటిని మళ్లీ మడిచి చంకన పెట్టుకుంది.

పొరుగింటిదాన్నని సాయం వచ్చిన నా పక్కనే గేటు దాకా నడిచి, చెప్పింది.

"శాపం పెట్టింది నేనేనమ్మాయ్. ఒక ఏడు ఇలాగే పన్ను డబ్బు వచ్చింది. పళ్లు కట్టించుకుందామనుకున్నాను. మా ఆయన అదంతా గుర్రప్పందేల్లో పెట్టేసి వచ్చాడు. మట్టి నిన్ను ముట్టకూడదు అన్నాను. తర్వాత ఇద్దరం కూర్చుని బీన్స్ తిన్నాం. మా ఇంట్లో తిట్లు ఉప్పులాంటివి, లేకపోతే ముద్ద దిగేది కాదు."

ఇసుకలో దించినప్పుడు ఆనవాయితీ ప్రకారం మూడుసార్లు క్షమించానంది. మూడోసారి మాట సగంలో ఆపి, మళ్లీ మొదట్నుంచి అంది. అన్నాక, ఆకు కదలని ఆ మధ్యాహ్నం, గోతి అంచున ఇసుక దానంతటదే జారింది. మేనియోస్ శిలువ గుర్తు వేసుకున్నాడు.

ఆ తర్వాత రెండేళ్లూ ఖాళీ ఓడల్లో ఆమె చీపురు చప్పుడు వెనకే ఇంకో చీపురు చప్పుడు వినిపించేదట. ఆమె ఆగితే అదీ ఆగేదట, కొంచెం ఆలస్యంగా.

"భయం వెయ్యలేదా?" అని అడిగాను.

"బతికుండగా ఒక్కనాడు చీపురు పట్టనివాడు. పోనీలే అనుకున్నాను."

గడువు తీరి మళ్లీ తవ్విన రోజు, ఎముకలు తేనె రంగులో, శుభ్రంగా పైకొచ్చాయి. ఎవాంథియా ఒక్కొక్కటే వైన్‌లో కడిగి దుప్పటి మీద పరిచింది. పుర్రె నుదురు ముద్దుపెట్టుకుంది. అంతలో మేనియోస్ నార గుడ్డ చివర పైకెత్తి, అలాగే ఉండిపోయాడు.

కుడిచెయ్యి మణికట్టు దాకా చెక్కుచెదరలేదు. గోళ్లతో సహా ఉంది. గుప్పిట మూసి ఉంది.

"గుడ్డ మడతలో చిక్కుకుందేమో" అన్నాడు. తన మాట మీద తనకే నమ్మకం లేదు. ఎవాంథియా వెళ్లి దూరంగా రాతి మీద కూలబడింది.

స్తమాతా వంగి ఆ గుప్పిటను చాలాసేపు చూసింది. ఈ ఏడు పన్ను డబ్బు కూడా బ్యాంకులో పడిందని, ఆ చేతికి సరిపడే జానెడు గోతికి అద్దె ఎంతో కనుక్కోమని మేనియోస్‌ను ఆఫీసుకు పంపింది. తర్వాత నా వైపు తిరిగింది.

"మనిషిని క్షమించాను. నా పళ్ల డబ్బు పట్టుకెళ్లిన ఆ చేతిని క్షమించలేదు. నువ్వూ కాస్త దూరంగా వెళ్లమ్మాయ్. ఈసారి క్షమించానని ఉత్తినే అంటే దానికి తెలిసిపోతుంది."