మిట్టమధ్యాహ్నం తేలిన చేపలు

మొన్న తాడేపల్లిగూడెంలో మా బావమరిది గృహప్రవేశానికి వెళ్లాం. హాల్లో గోడ పొడుగునా అక్వేరియం పెట్టించాడు, లోపల చేపల కంటే మొక్కలే ఎక్కువ. "చూశారా బావగారూ, ఆకులన్నీ ఎలా బుడగలు కట్టాయో!" అని మురిసిపోతున్నాడు. నేను ఆకులు చూడకుండా వంగి గాజుకి చెవి ఆనించాను. చుట్టాలంతా నవ్వారు. పెద్దాయనకి చాదస్తం ముదిరిందనుకుని ఉంటారు, అనుకోనివ్వండి. ఆ చాదస్తం నాకు అంటించింది మా మేనత్త.

అత్తయ్య కాపురమంతా భీమడోలు అవతల, కొల్లేటి వైపు ఒక చేపల చెరువు గట్టు మీదే గడిచింది. మావయ్య ఆ చెరువుకి కాపలా. నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఇంకా రాని రోజులవి. పగలు ఎండకి నీళ్లలోని నాచు గాలి వదులుతుంది, చీకటి పడ్డాక అదే నాచు ఆ గాలిని తాగేస్తుంది. మబ్బు పట్టిన రోజైతే తెల్లారగట్లకి చేపలకి ఊపిరాడదు. బొచ్చెలూ శీలావతులూ పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. దాన్నే చేపలు తేలడం అంటారు. అప్పుడొక చప్పుడొస్తుందట, మెత్తగా, చెరువు మొత్తం పెదాలు చప్పరిస్తున్నట్టు. ముందు విన్నవాళ్లు కేక పెట్టాలి. ఇంజను వేసి నీళ్లు ఎగజిమ్మాలి, ఇంజను లేకపోతే దిగి చేతుల్తో బాదాలి. ఒక తెల్లవారుజామున అత్తయ్య ఆ చప్పుడు విని, వాన చినుకులనుకుని అటు తిరిగి పడుకుంది. తెల్లారేసరికి చెరువంతా తెల్లటి పొట్టలే. మావయ్య పోయేదాకా ఆ సంగతి ఎత్తలేదు. "తిట్టినా బావుండేదిరా, ఒక్క మాటనలేదు మహానుభావుడు" అనేది. ఆ తరవాత నలభై ఏళ్లు ఆవిడ కంటినిండా నిద్రపోయింది లేదు. ఎసరు మరిగినా, పక్కింటి కుళాయి కారినా ఉలిక్కిపడి లేచేది.

రెండేళ్ల కిందట శుక్లం ఆపరేషనుకి ఏలూరులో మా ఇంటికొచ్చింది. ఒక కన్ను చిన్నప్పుడే అమ్మవారు పోసి పోయింది, ఉన్న ఆధారం ఈ కన్నొక్కటే. శనివారం ఆపరేషను చేసి, సోమవారం కట్టు విప్పుతామన్నారు. అందాకా చుక్క నీరు తగలకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. అప్పటికి నాకు అక్వేరియం పిచ్చి పట్టి ఏడాదైంది. నీళ్లలో మొక్కలు ఏపుగా పెరగాలంటే కార్బన్ డయాక్సైడ్ కావాలి. చిన్న సిలిండరుంటుంది, గొట్టంలోంచి బుడగ తరవాత బుడగ వదలాలి. తక్కువైతే మొక్క పాలిపోతుంది, ఎక్కువైతే చేపకి ఊపిరి బిగుస్తుంది. ఆ తూకం చూసుకోడానికి లోపలొక గాజు బుడ్డి ఉంటుంది. అందులో నీరు ఆకుపచ్చగా ఉంటే క్షేమం, పసుపు తిరిగితే ప్రమాదం. ఇదంతా చెబితే అత్తయ్య, "చేపలకి గ్యాసు బండా? బతికుండగానే వండేస్తావేంట్రా!" అని నవ్వింది.

ఆదివారం పొద్దున్న ఎర్రాకు మొక్క వెలిసిపోయిందని సిలిండరు వాల్వు కాస్త ఎక్కువ తిప్పాను. మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతోంది. మా ఆవిడ ఊళ్లో లేదు. నేను హాల్లో పేపరు చదువుకుంటున్నాను, అత్తయ్య పక్కగదిలో పడుకుంది.

"ఒరేయ్ అబ్బాయ్, తేలాయిరా" అంది లోపల్నుంచి.

కుర్చీలోంచే తల తిప్పి చూశాను. బుడ్డి పచ్చగానే ఉంది. ఆకుల నిండా ముత్యాల్లా బుడగలు. తొట్టె అంత అందంగా ఎప్పుడూ లేదు.

"మిట్టమధ్యాహ్నం తేలడమేంటత్తయ్యా? తెల్లారగట్ల కదా తేలేది, మీరే చెప్పారుగా."

"నిజమేరా. కానీ వినబడుతోంది."

ఎండున్నంతసేపూ చేపకి భయం లేదనే కొల్లేటి తెలివే నాదీనూ. సిలిండర్లోంచి వచ్చే గ్యాసుకి ఎండేం తెలుసు, నీడేం తెలుసు? నీళ్లలో ప్రాణవాయువు ఎంతున్నా ఆ గ్యాసు ఎక్కువైతే చేప ఉక్కిరిబిక్కిరవుతుందనీ, బుడ్డిలో రంగు మారడానికి గంటలు పడుతుందనీ నాకు తరవాత తెలిసింది. ఆవిడ మూడోసారి పిలిచేసరికి విసుగొచ్చింది. నా బుద్ధి గడ్డి తిని, "వాన చినుకులత్తయ్యా, పడుకోండి" అన్నాను.

కిటికీ తెరిచిన చప్పుడైతే తొంగి చూశాను. ఆవిడ చువ్వల్లోంచి చెయ్యి బయట పెట్టి, అరచెయ్యి వెల్లకిలా పట్టుకుని నించుంది. అరచేతి నిండా ఎండ. చెయ్యి లోపలికి తీసుకుని, పొడి వేళ్లు ఒకదానికొకటి రాసి చూసుకుంది. తరవాత కంటికి కట్టుతో, గోడ తడుముకోకుండా, తిన్నగా తొట్టె దగ్గరికి నడిచొచ్చింది. ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలీదు. మూత తోసేసి రెండు చేతులూ మోచేతుల దాకా ముంచి బాదడం మొదలెట్టింది. "లేవండ్రో! చేపలు తేలాయి, లేవండ్రో!" అని ఆ ఖాళీ ఇంట్లో కేకలు. అది మా అత్తయ్య గొంతులా లేదు.

అప్పుడు చూశాను నీళ్లలోకి. ముప్ఫై చేపలూ పైకొచ్చి, ఏటవాలుగా నిలబడి, ఒక్క లయలో నోళ్లు తెరుస్తూ మూస్తున్నాయి. జానెడు దూరంలో ఉన్నా నాకే చప్పుడూ వినబడలేదు. వాల్వు కట్టేసి ఆవిడ రెక్క పట్టుకున్నాను. "కట్టు తడిసిపోయిందత్తయ్యా!"

"ముందు వాటి సంగతి చూడరా" అని విదిలించుకుంది.

చేపలు రెండు పోయాయి, మిగతావి తేరుకున్నాయి. అత్తయ్య కంటికి చీము పట్టింది. ఎన్ని మందులు వాడినా చూపు రాలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని, చినుకులని అబద్ధమాడానని చెప్పి ఏడ్చేశాను. "తెలుసులేరా" అంది, నా తల నిమురుతూ. "ఈసారి నేను పడుకోలేదు చూశావా" అని చిన్నపిల్లలా నవ్వింది.

ఆ రోజు నుంచి ఆవిడకి ఎంత నిద్రో! పొద్దెక్కినా మేమే లేపాల్సొచ్చేది. కిందటేడు ఆ నిద్రలోనే పోయింది. తొట్టె నేనెప్పుడో తీసేశాను. అయినా ఎండ మండే మధ్యాహ్నాల్లో, అది ఉన్న మూలనుంచి, ఆ రోజు నాకు వినబడని చప్పుడు మెత్తగా వినబడుతుంది. మా ఆవిడకి వినబడదు, అడిగి చూశాను. ఒక్క తెల్లవారుజాము దిద్దుకోవడానికి అత్తయ్యకి నలభై ఏళ్లు పట్టింది. నాకిప్పుడు అరవై ఎనిమిది, అన్నేళ్లు నా దగ్గర లేవు.