తంబాకు దురద

సిద్దిపేటలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు చేతులు దురద పెట్టడం ఒక జబ్బు కింద లెక్క కాదు. పొద్దంతా తునికాకు, తంబాకు వేళ్ల మధ్య నలుగుతుంటే దురద పెట్టక ఏం చేస్తుంది? సుగుణ కూడా అట్లాగే అనుకుంది. గోకుతూ చుట్టేది, చుట్టుతూ గోకేది. పక్కింటి ఖాజాబీ తన బీడీల చాట పట్టుకుని వచ్చి కూర్చుని, "తంబాకు గిట్లనే తింటది బిడ్డా చేతుల్ని" అంటే నవ్వేది. ఆ నవ్వు తొంభై ఒకటి చలికాలం దాకానే.

సుగుణ దత్తాత్రికి రెండో భార్య. మొదటి భార్య జ్వరంతో పోయేనాటికి కొడుకు కిషన్ ఇంకా పాలు మరవలేదు. ఇప్పుడు వాడికి మూడేళ్లు. వాడికి సుగుణే అమ్మ. వాడకట్టు జనానికి మాత్రం ఆమె సవతి తల్లి. ఆ పేరుకు అపవాదు ముందే కుట్టి పెట్టి ఉంటుంది, మనిషి వచ్చి తొడుక్కోవడమే తరువాయి. దత్తాత్రి రైసుమిల్లులో రాత్రి కాపలా మనిషి. పిల్లవాడి ఆలనా పాలనా అంతా సుగుణదే, ఏ పొరపాటు జరిగినా నింద కూడా ఆమెదే.

ఒక పొద్దున కిషన్ అరికాలి మీద నీటిపొక్కు లేచింది. తర్వాత చేతుల మీద, ఆ తర్వాత పొట్ట మీద. ఒక్కోటి చింతగింజంత ఉంది. పిల్లవాడు గోక్కుని గోక్కుని ఏడ్చేవాడు. అమ్మవారు పోసిందన్నారు కొందరు. వేపాకు పరిచి పడుకోబెడితే తగ్గలేదు. మందులషాపులో ఇచ్చిన మలాం పూస్తే, ఒకటి ఎండేలోపు ఇంకోటి లేచింది. సుగుణకు అన్నం సయించడం మానేసింది.

గోరుచుట్టు మీద రోకటి పోటులాగా అప్పుడే దౌల్తాబాద్ నుంచి కొండవ్వ దిగింది. ఆమె దత్తాత్రి మొదటి భార్యకు తల్లి, కిషన్‌కు అమ్మమ్మ. మనవడి అంగీ ఎత్తి చూసింది. ఆ పొక్కుల నుంచి ఆమె కళ్లు నేరుగా సుగుణ ఒళ్లోని బీడీల చాట మీదికి పోయాయి.

"బీడీతోని కాల్చినవానే వీన్ని?"

రోజంతా బీడీలు చుట్టే సుగుణ బతుకులో ఒక్క బీడీ ముట్టించి ఎరుగదు. కానీ ఆ పొక్కులు నిజంగానే కాల్చినట్టు ఉన్నాయి. ఆమెను వణికించింది అదే. భయంతో బిగుసుకుపోయిన మనిషిని చూసి లోకం తప్పు ఒప్పుకుందనే అనుకుంటుంది, కొండవ్వ కూడా అట్లాగే అనుకుంది.

"రేపు పిల్లల డాక్టరమ్మకు చూపిద్దాం అత్తా" అన్నాడు దత్తాత్రి.

"కాల్చింది కాదంటే సరే. కాల్చిందే అంటే పిల్లగాన్ని నేను తీస్కపోత."

అనడమే కాదు, తెల్లవారేసరికి కొండవ్వ కిషన్ అంగీలు, లాగులు తన సంచిలో కుక్కేసింది. దవాఖానకు కూడా ఆ సంచి చంకన పెట్టుకునే వచ్చింది. అక్కడి నుంచి అటే బస్టాండుకు పోవచ్చు కదా.

డాక్టరమ్మ పేరు విజయరాణి. పొక్కులు చూడగానే ఆమె ముఖం ముడుచుకుంది. "ఎవరన్న కాల్చిన్రా వీన్ని?" అని సూటిగా అడిగింది. అక్కడితో ఆగలేదు. పిల్లవాడి వేళ్లు విడదీసి, సందుల్లో సన్నని గీతల్లాంటివి చూసి, ఆలోచనలో పడింది.

"రాత్రిపూట ఎక్కువ గోక్కుంటడా? ఇంట్ల ఇంకెవరికన్న దురద ఉందా?"

"ఎవరికి లేదమ్మా" అన్నాడు దత్తాత్రి.

సుగుణ చేతులు కొంగు కింద ఉన్నాయి. ఉందంటే రోగం తనే అంటించినట్టు, లేదంటే తనే కాల్చినట్టు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. సుగుణ కళ్లు కొండవ్వ ఒళ్లోని సంచి మీద పడ్డాయి. అంతలో కిషన్ గోక్కున్నాడు. ఒక పొక్కు చితికి నీళ్లు కారాయి. ఇక ఆగలేక సుగుణ రెండు చేతులూ బల్ల మీద పరిచింది.

"నాకున్నది డాక్టరమ్మా. తంబాకుదనుకున్న."

డాక్టరమ్మ ఆమె వేళ్ల సందుల్లో, పిల్లవాడి వేళ్ల సందుల్లో బ్లేడుతో పైపైన గీకి, ఆ పొట్టును గాజుపలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూసింది. ఆ కాసేపూ సుగుణ తనకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకుంది, కొమురవెల్లి మల్లన్నకైతే రెండుసార్లు.

"గజ్జి పురుగు. ఇద్దరికీ అదే."

"గజ్జి నాకు తెల్వదా?" అని లేచింది కొండవ్వ. "గజ్జికి గింత గింత పొక్కులు లేస్తయా?"

"ఎప్పుడో ఒక పిల్లగానికి లేస్తయి అవ్వా. నేను కూడా పుస్తకంలనే చూసిన. అందుకే ముందు కాలిందేమో అనుకున్న."

"అంటే గీమెనే అంటించింది గదా!"

సుగుణ తల వంచుకుంది. భయపడ్డదంతా జరిగిపోయింది అనుకుంది.

"ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో నేను చెప్పలేను" అంది డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ. "ఈ పురుగు ఎగరదు, దుంకదు. ఒకలనొకలు పట్టుకొని పండుకునేటోళ్లకే ఎక్కువ అంటుతది."

తెల్లమందు రాసిచ్చింది. పిల్లవాడికి నీళ్లు కలిపి పలుచన చేసి పూయాలి, ఇంట్లో అందరూ మెడ నుంచి కాళ్ల దాకా ఒకేసారి పూసుకోవాలి, బట్టలన్నీ మరగబెట్టి ఎండలో ఆరేయాలి. చితికిన పొక్కులు చీము పట్టకుండా వేరే మందు ఇచ్చింది. పురుగు చచ్చినా దురద కొన్నాళ్లు ఉంటుంది, భయపడొద్దు అంది. భయపడొద్దన్న మాట సుగుణకు ఎక్కనే లేదు.

ఇంటి దారిలో కొండవ్వ అడిగింది, "వాడు నీ పక్కలనే పంటడా?"

"నా చెయ్యి మీదనే పంటడవ్వా. చెయ్యి తీస్తే లేస్తడు."

ఇంటికి రాగానే సుగుణ వాకిట్లో రాళ్లపొయ్యి మీద పెద్ద నీళ్ల గంజు పెట్టింది. నీళ్లు మసిలాక దుప్పట్లు, చీరలు వేసి కట్టెతో తిప్పసాగింది. కొండవ్వ సంచి పట్టుకుని లేచింది. మందు మా ఊర్లోనే పూస్తానని పిల్లవాణ్ని తీసుకుపోతే ఎవరు కాదంటారు? ఉండమని అడిగే ధైర్యం సుగుణకు లేదు.

కొండవ్వ పొయ్యి దగ్గరికి వచ్చింది. సంచి బోర్లించి, కిషన్ అంగీలు, లాగులు అన్నీ మరిగే నీళ్లలో పడేసింది.

"జరుగు బిడ్డా. గా చేతులతోని మంట కాడ నిలవడకు" అని కట్టె అందుకుంది.